ఉప్పు సరిపోయిందా?

మా అమ్మ తన జన్మలో ఎవరినీ అడగని ప్రశ్నను ఆ వేసవిలో అడగడం మొదలుపెట్టింది.

"ఉప్పు సరిపోయిందా?"

వినడానికి ఇదేమంత పెద్ద ప్రశ్న కాదు. కానీ మా అమ్మ సంగతి మీకు తెలియదు. ఆవిడ వండేది, వడ్డించేది, అయిపోయాక గిన్నెలు తీసేది. మధ్యలో మన అభిప్రాయాలకు చోటు లేదు. ఎవరైనా పొరపాటున "కూర బ్రహ్మాండం" అంటే, "మరి? పాడుచేసి పెడతానా?" అని ఎదురు ప్రశ్న వేసేది. ఎలా చెయ్యాలని అడిగితే అంతకన్నా ఘోరం. ఉప్పు ఎంత? సరిపడా. నీళ్లు ఎన్ని? సరిపడా. ఎంతసేపు ఉడకాలి? ఉడికేదాకా. నేనేమో పొద్దున లేచింది మొదలు మిల్లీగ్రాములతో బతికే మనిషిని. 'సరిపడా' అనే మాట చెవిన పడితే నాకు ఒళ్లు మండిపోయేది. "సరిపడా అంటే ఎంతమ్మా?" అని గొంతు చించుకుంటే, "సరిపడా అంటే సరిపడానే. అందులో మళ్లీ ఎంత ఏమిటి?" అని నన్నే తెలివితక్కువదాన్ని చేసేది.

అలాంటి మనిషి, ఎండలు ముదిరీ ముదరకముందే, భోజనాల బల్ల పక్కన గరిటె పట్టుకుని నిలబడి మా మొహాల్లోకి చూడటం మొదలుపెట్టింది. మొదటి ముద్ద గొంతు దిగకముందే ప్రశ్న వచ్చి పడేది.

సరిపోవడమా! ఉప్పు కషాయం. ఆ రోజు బంగాళాదుంపల కూర. ఒక ముద్ద నోట్లో పెట్టగానే నా రెండు కళ్లూ వాటంతటవే మూసుకుపోయాయి. ఉన్నమాట చెప్పబోయాను. నేను ముక్కుసూటి మనిషిని, కోపం కూడా ఆ ముక్కు మీదే ఉంటుంది. అంతలో బల్ల కింద నుంచి నాన్న కాలు వచ్చి నా కాలి మీద పడింది. మా నాన్న దర్జీ. ఏళ్ల తరబడి కుట్టుమిషను తొక్కిన పాదం. అది పడితే ఎంతటి ముక్కుసూటి మనిషైనా వంకర తిరగాల్సిందే.

"బాగుందోయ్," అన్నాడు నాన్న, మొహంలో ఒక్క నరం కూడా కదలకుండా. "సరిగ్గా సరిపోయింది."

"బాగుందమ్మా," అన్నాడు తమ్ముడు, గ్లాసు ఎత్తి గడగడా నీళ్లు తాగుతూ.

"బాగుంది," అన్నాను నేను, కాలు లాక్కుంటూ.

అమ్మ మొహం తేటపడింది. ఇంకో గరిటెడు కూర వేసి మరీ లోపలికి వెళ్లింది.

"చలికాలంలో ఆ జ్వరం వచ్చి లేచినప్పటి నుంచీ మనిషి డీలా పడిపోయింది," అన్నాడు నాన్న గొంతు తగ్గించి. "ఇప్పుడు వంటకు వంక పెడితే మనసు కష్టపెట్టుకుంటుంది. నాలుగు రోజులు ఓపిక పట్టండి. ఎవరైనా నోరు మెదిపారో, చూడండి మరి!"

నాలుగు రోజులట! ఆ నాలుగు రోజులు వేసవి పొడుగునా సాగాయి. మేము మూడు చెరువుల నీళ్లు తాగాం.

ఇంట్లో ఇలా ఉంటే, బయట నా ఉద్యోగం ఏమిటనుకున్నారు? ఉప్పు కొలవడం. నిజంగానే. ఊళ్లో జనం తాగే నీళ్లను సీసాల్లో పట్టి మా ల్యాబుకు పంపుతారు. అందులో ఉప్పెంత, సున్నమెంత, ఇంకా పైకి చెప్పకూడని వస్తువులేమున్నాయో తేల్చడం మా పని. నీళ్లను గాజు కుప్పెలో పోసి, సన్నటి గొట్టంలోంచి చుక్క చుక్కగా మందు వదలాలి. పసుపు రంగు ఇటుక రంగుకు తిరిగే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపాలి. నీళ్లలో ఉప్పు ఎంత ఎక్కువుంటే అంత మందు తాగుతుంది. ఆపాల్సిన చోట ఆపకపోతే మళ్లీ మొదటికి. వేసవి వచ్చిందంటే బావులు అడుగంటుతాయి, నీళ్లు ఉప్పగా మారతాయి, మా ల్యాబు గుమ్మం దాకా సీసాలు బారులు తీరతాయి.

నా బల్లకు ఇటు పక్క చుక్క, అటు పక్క తథాస్తు. అవి వాళ్ల పేర్లు కావు, వాళ్లు చేసుకున్న పాపాలు. చుక్క నా స్నేహితురాలు. ఏ పరీక్ష చేసినా ఒక చుక్క ఎక్కువ వదిలి, రంగు ముదిరిపోయాక "అయ్యో, ఒక్క చుక్కేనే!" అని నా వంక జాలిగా చూస్తుంది. మాటల్లోనూ అంతే, ఆగాల్సిన చోట ఆగదు. తథాస్తు ఆమెకు పూర్తిగా వ్యతిరేకం. వాడికి ఏ అంకె వచ్చినా సంతోషమే. "సరిగ్గానే ఉందిలే" అని సంతకం గీకి ముందుకు తోసేస్తాడు.

ప్రతి ఉదయం మీటర్లను నమ్మే ముందు వాటికి ఒక పరీక్ష పెట్టాలి. ఏమీ కలపని శుద్ధమైన నీళ్లు ఇవ్వాలి. దాన్ని ఖాళీ నమూనా అంటాం. మీటరు సున్నా చూపించాలి. ఖాళీ నీళ్లకు కూడా అది ఏదో ఒక అంకె చెప్పిందంటే అది అబద్ధాలకోరు మీటరన్నమాట. ఇక ఆ రోజు అది చెప్పే ఏ మాటా నమ్మకూడదు. తథాస్తు ఈ పని ఎగ్గొట్టేవాడు. "నిన్న బాగానే ఉంది కదా, పొద్దుటికల్లా ఏమైపోతుంది?" అనేవాడు. ఒక రోజు ఈ సంగతి మా ల్యాబు అధికారి పెద్దాయన కంట పడింది. ముగ్గురినీ వరసగా నిలబెట్టాడు.

"మీరు ఉప్పూ కారం తినే మనుషులేనా?" అని దులిపేశాడు. "తాగే నీళ్లండీ ఇవి! పిల్లలు తాగుతారు! వారం రోజుల సీసాలన్నీ మళ్లీ చెయ్యండి!"

కారం మాటేమో గానీ, ఉప్పు మాత్రం కావలసినంత తింటున్నాం సార్, అని నా నోటిదాకా వచ్చింది.

ఎందుకంటే మధ్యాహ్నం భోజనం ముగ్గురికీ మా ఇంటి నుంచే. చుక్క హాస్టల్లో ఉంటుంది, తథాస్తు ఒంటరిగా ఒక గదిలో బ్రెడ్డు ముక్కలతో కాలక్షేపం చేస్తుంటాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ అమ్మ నా క్యారియరుకు ఇంకో రెండు గిన్నెలు తగిలించింది. ఇన్నాళ్లూ మూత తియ్యడం ఆలస్యం, ఇద్దరూ ఎగబడేవాళ్లు. ఆ వేసవిలో మాత్రం భోజనాల వేళకు ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు పుట్టుకొచ్చేది.

"నాకీ మధ్య అసలు ఆకలే ఉండట్లేదే," అంది చుక్క. ముందు రోజు సాయంత్రం నా కళ్ల ముందే రెండు బన్నులు మింగిన మనిషి!

"నన్ను డాక్టరు పళ్లే తినమన్నాడు," అన్నాడు తథాస్తు.

"ఏ డాక్టరు?"

"అదే... ఒక డాక్టరు," అని నీళ్లు నమిలాడు.

"కూర బాగాలేదని చెప్పి చావొచ్చు కదా మీరు?"

"ఛ ఛ! పిన్నిగారి వంటకేం, బంగారం!" ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు.

గిన్నెల్లో మిగిలిస్తే ఇంట్లో అమ్మ చూస్తుంది. పారబొయ్యడానికి నాకు చేతులు రావు. చివరికి చుక్క ఒక ఉపాయం చెప్పింది. ముక్కలను నీళ్లలో కడుక్కుని తినడం! కడిగిన నీళ్లను తథాస్తు కుప్పెలో పట్టి, ముచ్చటపడి మందు చుక్కలు వదలడం మొదలుపెట్టాడు. గొట్టం ఖాళీ అయింది. రంగు తిరగలేదు. మళ్లీ నింపాడు. అదీ ఖాళీ అయింది.

"ఇదే కుళాయి నీళ్లయితే ఆ వీధి వీధంతా ఖాళీ చేయించేవాళ్లం," అన్నాడు.

చుక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మ వంట మీద నేను జోకులు వేసుకోవచ్చు, అది వేరు. వీళ్లెవరు? కుప్పె లాక్కుని తొట్లో వంచేసి, ఆ పూటంతా ఇద్దరితో మాట్లాడలేదు.

అది జరిగిన కొన్నాళ్లకు కరెంటు పోయి ల్యాబు మూసేస్తే మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. మెట్లెక్కుతుండగానే మాడు కంపు. పై వాటా వాళ్లేమో అనుకున్నాను. తలుపు తోశాక తెలిసింది, మా వంటగదే. పొయ్యి మీద పాలగిన్నె. పాలన్నీ ఇగిరిపోయి అడుగు నల్లగా మాడి సన్నటి పొగ లేస్తోంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పొయ్యికి వీపు పెట్టి, కిటికీ వెలుతుర్లో అమ్మ తాపీగా క్యాబేజీ తరుగుతోంది.

"అమ్మా! ముక్కు లేదా నీకు? పాలు మాడి బొగ్గయిపోతున్నాయి!"

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. పొయ్యి ఆపింది. గిన్నె వంక చూసింది, నా వంక చూసింది.

"ఏదో ఆలోచనలో పడ్డానే," అంది చివరికి.

మా అమ్మ నాకు ఎదురు చెప్పకుండా ఊరుకుందంటే అప్పుడే అనుమానించాల్సింది. నాకు ఆ తీరిక ఎక్కడిది? గిన్నె తోముతూ సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నాను.

పొద్దువాలాక నాన్న కొట్లో నాన్న, తమ్ముడు, నేను కూర్చున్నాం. రెండు వీధుల అవతల చిన్న కొట్టు, నిండా గుడ్డ పీలికలు.

"మతిమరుపు మొదలైందేమో," అన్నాడు తమ్ముడు. "వేసిన ఉప్పే మళ్లీ వేస్తోంది. పొయ్యి మీద పెట్టింది మరిచిపోతోంది."

నాన్న కొలతల టేపును వేలికి చుట్టాడు, విప్పాడు.

"ఉప్పు సంగతి వదిలేయండి, తిని చస్తాం. పగలంతా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఇవాళ పాలు మాడాయి. రేపు గ్యాసు తెరిచి మరిచిపోతే?" అన్నాడు. "నా దగ్గర గుండీలు కుట్టే ఆవిడ చెల్లెలు వంట చేస్తుందట. ఆమెను పెడదాం. మీ అమ్మకు నేను మెల్లగా నచ్చజెబుతాను. అందాకా ఎవరూ నోరు జారొద్దు."

మా వంటగదిలో ఇంకో మనిషి! ఆ పొయ్యి లేకపోతే అమ్మ పొద్దస్తమానం ఏం చేస్తుంది? కిటికీలో కూర్చుని వీధి చూస్తుందా? కాదనాలని ఉంది. కానీ ఆ బొగ్గు గిన్నె కళ్ల ముందు మెదిలింది. సరేనన్నాను.

ఎవరు ఉప్పందించారో తెలియదు. తెలియకేం, తమ్ముడే, వాడి నోట్లో మాట దాగదు. ఆ వారంలోనే అమ్మ నన్ను పిలిచి, "ఆదివారం నీ స్నేహితులిద్దరినీ భోజనానికి రమ్మను," అంది.

"ఎందుకూ?"

"ఎందుకేమిటే? తినడానికి."

ఆదివారం వాళ్లిద్దరూ పరీక్ష రాయడానికి వచ్చినట్టు వచ్చారు. "ఫ్రిజ్‌లో చల్లటి నీళ్లు ఎన్ని సీసాలున్నాయే?" అని చుక్క గుమ్మంలోనే నా చెవిలో అడిగింది. బల్ల మీద పప్పు, గుడ్ల కూర, వంకాయ వేపుడు, పెరుగు. చూడటానికి కన్నుల పండుగ. చూపులతోనే కడుపు నింపుకునే వీలుంటే ఎంత బాగుండేది!

అమ్మ అందరికీ వడ్డించి, ఎప్పటిలాగే గరిటె పట్టుకుని నిలబడింది. నేను భయం భయంగా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మండలేదు. కళ్లు మూసుకుపోలేదు. హమ్మయ్య అనుకున్నాను. మరీ చప్పగా అనిపించిన మాట నిజమే. కానీ ఆ వేసవంతా తిన్న తిండికి ఆ చప్పదనమే ప్రాణానికి హాయిగా ఉంది.

"ఉప్పు సరిపోయిందా?" అంది అమ్మ.

"సరిపోయిందోయ్," అన్నాడు నాన్న, ముద్ద ఇంకా నోట్లో ఉండగానే.

"బాగుందమ్మా," అన్నాడు తమ్ముడు.

"బాగుంది," అన్నాను నేను. ఆ మాట ఇప్పుడు నా ప్రమేయం లేకుండా దానంతటదే వచ్చేస్తోంది.

"అమృతం పిన్నిగారూ," అన్నాడు తథాస్తు.

చుక్క అక్కడితో ఆగితే చుక్క ఎందుకవుతుంది? "అన్నిటికన్నా ఉప్పు చూడండి పిన్నీ," అంది వేలు ఊపుతూ. "కొలిచి వేసినట్టు, ఎంత కరెక్టుగా పడిందో!"

అమ్మ గరిటెను గిన్నెలో పెట్టింది.

"ఇవాళ దేంట్లోనూ ఉప్పు వెయ్యలేదు," అంది.

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. చుక్క వేలు గాల్లోనే ఉండిపోయింది.

"రవ్వంత కూడా. పప్పులో లేదు, కూరలో లేదు, వేపుడులో లేదు. ఉప్పు డబ్బా మూతే తియ్యలేదు."

బల్ల కింద నాన్న కాలు అటూ ఇటూ వెతుక్కుంది. ఎవరిని తొక్కాలో దానికి తెలియలేదు.

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మేము తింటుండగా ఆవిడ కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"జ్వరం తగ్గినప్పటి నుంచీ నాకు వాసన తెలియట్లేదు," అంది. "రుచీ అంతే. ఏం తిన్నా దూది నమిలినట్టుంది, ఎంత ఉప్పు వేసినా చప్పగానే ఉంటుంది. కొన్నాళ్లకు అదే వస్తుందిలే, అందాకా మీ నోళ్లున్నాయి కదా, మీరు చెప్పినదాన్నిబట్టి సరిచేసుకుందాం అనుకున్నాను. అందుకే రోజూ అడుగుతున్నాను. ఎక్కువైందంటే తగ్గిస్తాను, తక్కువైందంటే వేస్తాను. మీరేమో బాగుంది, బాగుంది, బాగుంది! బాగుందన్నారు కదా అని నిన్న వేసినంతే ఇవాళా వేశాను. నా నోరు చచ్చింది సరే, మీకేమొచ్చింది? ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్క నాలుక లేదా?"

ఖాళీ నమూనా. మా అమ్మ మాకు ఖాళీ నమూనా పెట్టింది. ఒక్కరం కూడా సున్నా చూపించలేదు. ఇందులో ముగ్గురికి ఉప్పు కొలిచినందుకు జీతమిస్తారు! నేను తలెత్తి తథాస్తు వంక చూశాను. వాడికీ అదే తట్టినట్టుంది, కంచంలోకి వంగిపోయాడు.

"నీ మనసు నొచ్చుకుంటుందనే కదోయ్..." అన్నాడు నాన్న.

"ఉప్పెక్కువైందంటే నొచ్చుకుంటానా? నా వంటగదిలోకి ఇంకొకావిణ్ణి తెస్తున్నారట, దానికి నొచ్చుకోనా?"

నాన్న తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు ఫ్యాను వంక చూశాడు.

"ముందే చెప్పి ఉంటే పోయేది కదమ్మా!" అన్నాను, గొంతు నాకే గట్టిగా వినబడింది.

"చెబితే? మళ్లీ పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్లా నన్ను?"

ముక్కు లేదా నీకు అని అరిచింది నేనే. నిజంగానే లేదని ఆ క్షణంలో ఆవిడ నాతో ఎలా చెబుతుంది?

అప్పుడు తథాస్తు చిన్నగా దగ్గాడు. "పిన్నిగారూ, ఆ ఉప్పు డబ్బా ఒకసారి ఇలా ఇప్పిస్తారా?"

అమ్మ వాడి మొహంలోకి చూసి ఫక్కున నవ్వింది. డబ్బా చేతులు మారింది. అందరం కలుపుకుని మిగిల్చకుండా తిన్నాం. అమ్మ నవ్వుతూనే ఉంది, మధ్య మధ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు అమ్మను తీసుకెళ్తే డాక్టరు టార్చి వేసి ముక్కులోకి చూశాడు, నోట్లోకి చూశాడు, "రావచ్చు, రాకపోవచ్చు," అన్నాడు. ఈ ముక్క చెప్పడానికి అంత చదువెందుకని దారి పొడుగునా అమ్మ విసుక్కుంది. రోజూ ఘాటైన వస్తువులు కొన్ని వాసన చూస్తూ ఉండాలట. ముక్కుకు మళ్లీ మొదటి నుంచీ నేర్పాలట.

నాన్న మాత్రం ఒక షరతు పెట్టాడు.

"ఉప్పు సంగతి ఇకమీద మేము ఉన్నదున్నట్టు చెబుతాం. కానీ మాడితే నీకెలా తెలుస్తుంది? గ్యాసు కారితే? కాబట్టి పొయ్యి వెలిగినప్పుడల్లా ఇంట్లో పనిచేసే ముక్కు ఇంకోటి ఉండాలి. వానలు పడేదాకా ఇలా నెట్టుకొద్దాం. వానలతో పాటు బడులు తెరుస్తారు, యూనిఫారాలతో నాకు ఊపిరాడదు. అప్పటికీ నీ ముక్కు రాకపోతే వంటావిడ వస్తుంది. ఇంక నువ్వు కాదనకూడదు."

"సరే," అంది అమ్మ. ఆవిడ అంత తొందరగా సరేననడం ఏమిటో నాకు అస్సలు నచ్చలేదు.

ఆ రోజు నుంచీ నా బతుకు రెండు ల్యాబుల మధ్య చిక్కుకుంది. పొద్దున పొయ్యికి నేను కాపలా, మధ్యాహ్నం నాన్న, సాయంత్రం తమ్ముడు. వాడు ఎగ్గొట్టిన ప్రతి సాయంత్రమూ నేనే. పొద్దున్నే స్టూలు మీద కాఫీపొడి, లవంగాలు, నిమ్మతొక్క, వెల్లుల్లి వరసగా పెట్టేదాన్ని. అమ్మ కళ్లు మూసుకుని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకునేది.

"ఏమైనా తెలుస్తోందా?"

"ఊహూ."

"ఇది?"

"ఊహూ. ఏమిటిది, వెల్లుల్లా?"

"కాదు, కాఫీపొడి."

ఆవిడ కళ్లు తెరిచి డబ్బాలోకి చూసి, మూత పెట్టేది. అలా మూత పెట్టినప్పుడల్లా నాకు ఎవరినైనా కొట్టాలనిపించేది. ఎవరిని కొట్టాలో తెలియక ల్యాబుకెళ్లి చుక్కతో పోట్లాడేదాన్ని.

నిజం చెప్పడం కూడా అంత తేలికేం కాదు. మొదట్లో తథాస్తుకు నోరు పెగిలేది కాదు. "బాగాలేదు పిన్నిగారూ" అని ఒకసారి ఫోనులో చెప్పి, చెమటలు పట్టి కూర్చుండిపోయాడు. ఆ అలవాటు ముదిరి ల్యాబులోనూ "ఈ అంకె నాకు నమ్మకంగా లేదండీ" అని పెద్దాయనతో అనేశాడు. పెద్దాయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. చుక్క ఎలాగూ ఒక చుక్క ఎక్కువే. ఉప్పుతో మొదలుపెట్టి ముక్కల సైజు దాకా ఉతికి ఆరేసేది.

ఇక నా అవస్థ చెప్పనలవి కాదు.

"కాస్త ఎక్కువైందమ్మా," అన్నాను ఒక రోజు సొరకాయ కూర తింటూ.

"కాస్త అంటే ఎంత?"

"కాస్త అంటే... కాస్తే."

"చిటికెడా? రెండు చిటికెళ్లా? నీళ్లల్లో ఉప్పు కొలుస్తావు, కూరలో కొలవలేవా? ఎందుకే నీ చదువు?"

"అబ్బా, ఇంకొంచెం తగ్గిస్తే సరిపోతుందమ్మా!"

"ఎంత తగ్గించను?"

"సరిపడా!" అని అరిచాను.

అని, నాలుక కరుచుకున్నాను. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడి చూసింది. ఇన్నేళ్లకు దొరికావే అన్న చూపు అది. నేను తలొంచుకుని ఆ కూరంతా గమ్మున తినేశాను.

అయితే ఒకటి, కూరలు బాగుపడ్డాయి. రోజులు గడిచేకొద్దీ అమ్మ చెయ్యి కుదురుకుంది. క్యారియరు మళ్లీ ఖాళీగా ఇంటికి రావడం మొదలైంది, చుక్క ఆకలి తిరిగొచ్చింది, తథాస్తు డాక్టరు అంతర్ధానమైపోయాడు. కానీ నాన్న షరతు ఉప్పు గురించి కాదు కదా. స్టూలు మీద డబ్బాలు అలాగే ఉన్నాయి, ఊహూ అలాగే ఉంది. ఒక మధ్యాహ్నం పడమటి దిక్కున నల్లగా మబ్బు కమ్మింది. ఊరంతా చల్లబడిందని సంతోషపడుతుంటే అమ్మ కిటికీ రెక్కలు ముయ్యడానికి వెళ్లి చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

వాన పట్టుకుంది. నాన్న కొట్టు నిండా బడి యూనిఫారాల గుడ్డలు. "ఎల్లుండి నుంచి రమ్మన్నాను ఆవిణ్ణి," అన్నాడు అన్నం తింటూ, అమ్మ మొహం చూడకుండా. "సాయానికే అనుకోవోయ్. పెత్తనమంతా నీదే."

"ఊఁ," అంది అమ్మ. మర్నాడు పొద్దున చూస్తే వంటగది అలమారాలన్నీ ఖాళీ చేసి, డబ్బాలు తుడిచి సర్దుతోంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సర్దినట్టే ఉంది. నాకు చూడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం కాపలా నాదే. తమ్ముడు ఎగ్గొట్టాడని వేరే చెప్పాలా! బయట కుండపోత. అమ్మ వెనక వరండాలో ఆరని బట్టలతో కుస్తీ పడుతోంది. టీ పెడదామని పొయ్యి మీద పాలు పెట్టాను. అంతలో, మిగిలిన సీసాల కోసం ల్యాబులోనే ఆగిపోయిన తథాస్తు ఫోను.

"ఖాళీ నమూనా పెడితే మీటరు సున్నా చూపించట్లేదు. ఏం చెయ్యమంటావు?"

వాడు ఎవరూ చెప్పకుండా ఖాళీ నమూనా పెట్టాడు! నాకు ముచ్చటేసింది. ముందు గది కిటికీ దగ్గరికి వెళ్లి, వాన చప్పుడును మించి అరుస్తూ, ఆ మీటరును ఎలా కడగాలో, ఎలా ఆరబెట్టాలో, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో పూసగుచ్చినట్టు చెబుతూ పోయాను.

"ఏమే!" అని వెనక నుంచి కేక. "ముక్కు లేదా నీకు? పాలు మాడుతున్నాయి!"

ఫోను కుర్చీలో పారేసి పరిగెత్తాను. పొయ్యి ఆపాను. పాలన్నీ ఇగిరి అడుగంటి నల్లటి చెక్క కట్టాయి. నా మతి మండా అని నన్ను నేను తిట్టుకుంటూ గిన్నె దించబోయి, అక్కడే ఆగిపోయాను.

అమ్మ వంటగది గుమ్మంలో ఉంది, చేతిలో తడి దుప్పటితో. ఆవిడా ఆగిపోయింది.

"ఏమన్నావు?" అన్నాను.

"పాలు మాడుతున్నాయన్నాను," అంది. కాసేపటికి మళ్లీ, మెల్లగా, "మాడు వాసనే," అంది.

దుప్పటి అక్కడే వదిలేసి వచ్చింది. గిన్నె మీదికి వంగి గాలి పీల్చింది. పొగకు దగ్గొచ్చింది. దగ్గి, మళ్లీ వంగి పీల్చింది.

"ఇదేనే! ఇదే! అబ్బ, ఎంత కంపు!"

నేను ఉరికినట్టు వెళ్లి లవంగాల డబ్బా తెచ్చి ముక్కు కింద పెట్టాను. ఊహూ. కాఫీపొడి. ఊహూ. నిమ్మతొక్క, వెల్లుల్లి, ఏదీ లేదు. లోకంలో ఇన్ని వాసనలుండగా రావడం రావడం మాడు కంపు వచ్చిందా! నాకు ఏడుపూ విసుగూ కలిసి వచ్చాయి. అమ్మకు అవేమీ పట్టలేదు. గిన్నె మీద నుంచి తల తియ్యట్లేదు.

వీధి తలుపు చప్పుడైంది. నాన్న తడిసిన గొడుగుతో లోపలికి వచ్చి ముక్కు మూసుకున్నాడు.

"ఏమిటీ కంపు? ఎవరు మాడ్చారు? అందుకే నేను మొదటి నుంచీ చెబుతున్నాను..."

"మాడ్చింది నేను కాదండీ, మీ అమ్మాయి," అంది అమ్మ తల నిటారుగా ఎత్తి. "వాసన పట్టింది నేను. వరండాలోంచి."

నాన్న నా వంక చూశాడు. నేను తలూపాను. ఆయన గొడుగు మూలన పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. నీళ్లు వంటగది నేలంతా కారుతున్నాయి. మామూలుగానైతే అమ్మ ఇల్లెగరగొట్టాల్సిందే, ఆవిడా చూడలేదు.

"ఆ వంటావిడకు పొద్దున్నే కబురు పెట్టాలి," అన్నాడు.

"ఏమని?" అంది అమ్మ.

"వద్దని."

నేను ముక్కు చీదుకుని, పీచు తీసుకుని, ఆ గిన్నెను కుళాయి కిందికి తోశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కడగకే," అంది. "ఇంకాసేపు ఉండనీ."